డెల్టా 191 విమాన దుర్ఘటన (1985)

1985 ఆగస్టు 2వ తేదీ, శుక్రవారం సాయంత్రం 6 గంటల 5 నిమిషాల వేళ, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సాస్ రాష్ట్రంలో డెల్టా ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన 191వ నంబరు విమానం డాలస్–ఫోర్ట్‌వర్త్ అంతర్జాతీయ విమానాశ్రయానికి చేరువలో కూలిపోయింది. విమానంలో ఉన్న 163 మందిలో 136 మంది, నేలపై కారులో వెళుతున్న ఒకరు, మొత్తం 137 మంది మరణించారు. 27 మంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ విమానంలో ప్రమాదానికి దారితీసిన యంత్రలోపం ఏదీ లేదు. నడుపుతున్నవారు అనుభవజ్ఞులు. రన్‌వే సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానాన్ని నేలకు కొట్టింది గాలి. ఉరుములతో కూడిన ఒక చిన్న మేఘం నుండి నిట్టనిలువుగా దిగి, నేలను తాకి నాలుగు దిక్కులకూ చిమ్మిన గాలి అది.

అటువంటి గాలి ఒకటి ఉన్నదనీ, అది విమానాలను కూల్చగలదనీ శాస్త్రజ్ఞులు అప్పటికి పదేళ్ల ముందే గుర్తించారు. అయితే ఆ జ్ఞానం పరిశోధన పత్రాలను దాటి విమానం నడిపేవారి చేతికీ, వారిని హెచ్చరించవలసిన యంత్రాలకూ సంపూర్ణంగా చేరలేదు. ఆ లోటు ఎంత ఖరీదైనదో డెల్టా 191 లోకానికి చూపింది. ఆ తరువాత వచ్చిన మార్పుల ఫలితంగానే నేడు ప్రపంచమంతటా విమాన ప్రయాణికులు ఇటువంటి ప్రమాదం నుండి చాలావరకు రక్షణ పొందుతున్నారు.

ప్రయాణం

ఆ విమానం లాక్‌హీడ్ సంస్థ నిర్మించిన ఎల్-1011 ట్రైస్టార్. మూడు ఇంజన్లు గల విశాలమైన విమానం. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నగరంలో బయలుదేరి, డాలస్‌లో ఆగి, అక్కడి నుండి కాలిఫోర్నియాలోని లాస్ ఏంజలస్ చేరవలసి ఉంది. అందులో 152 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది ఉన్నారు. ఐబీఎం సంస్థలో తొలి పర్సనల్ కంప్యూటర్ రూపకల్పనకు నాయకత్వం వహించిన డాన్ ఎస్ట్రిడ్జ్ కూడా ఆ ప్రయాణికులలో ఒకరు. ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఈ ప్రమాదంలో మరణించారు.

విమానాన్ని నడిపే గదిలో ముగ్గురున్నారు. కెప్టెన్ వయస్సు 57 ఏళ్లు. సహ పైలట్‌కు 42, ఫ్లైట్ ఇంజనీర్‌కు 43. ఆనాటి ప్రయాణంలో విమానాన్ని స్వయంగా నడిపింది సహ పైలట్. కెప్టెన్ పర్యవేక్షణ చూస్తూ, నేలపై ఉన్న నియంత్రణాధికారులతో రేడియోలో మాట్లాడుతున్నారు. ఇద్దరూ ఇలా పని పంచుకోవడం విమానయానంలో నిత్యం జరిగేదే.

దారిలో మెక్సికో సింధుశాఖ మీదుగా వెళుతుండగా లూసియానా తీరానికి సమీపంలో తుపాను మేఘాలు ముదురుతున్నట్లు తెలిసింది. కెప్టెన్ ఆ దారిని విడిచి, ఉత్తరంగా చుట్టుదారి పట్టారు. డాలస్ దగ్గరపడిన తరువాత కూడా నియంత్రణాధికారి సూచించిన మార్గంలో ఒక పెద్ద మేఘం కనిపించగా, దానిలోనుండి పోవడం తమకు ఇష్టం లేదనీ, పక్కగా తప్పించుకుని వస్తామనీ తెలిపారు. ఈ వివరాలు గమనింపదగినవి. ఆ పైలట్లు మేఘాలను లెక్కచేయని సాహసికులు కారు. పెద్ద మేఘాలను రెండుసార్లు తప్పించుకున్నవారు, చివరకు విమానాశ్రయం ముంగిట ఉన్న ఒక చిన్న మేఘంలో చిక్కుకున్నారు.

ఆనాటి వాతావరణం

ఆగస్టు నెలలో టెక్సాస్ ఎండ తీవ్రంగా ఉంటుంది. ఆనాడు డాలస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంది. అక్కడక్కడ ఉరుములతో జల్లులు పడవచ్చునన్న సూచన తప్ప, పెద్ద గాలివాన వస్తుందన్న హెచ్చరిక లేదు. సాయంత్రం ఆరు గంటలకు ముందు, రన్‌వేకు ఉత్తర దిక్కున, విమానాలు దిగివచ్చే దారిలోనే ఒక చిన్న మేఘం పుట్టింది. కొద్ది నిమిషాలలో అది ఉరుములు మెరుపులతో కూడిన పూర్తి స్థాయి గాలివాన మేఘంగా ఎదిగింది.

అంత తొందరగా ఎదిగిన మేఘాన్ని గమనించి చెప్పవలసిన వ్యవస్థలో ఖాళీలు ఉన్నాయి. ఆ ప్రాంత విమాన నియంత్రణ కేంద్రంలో రాడార్ చిత్రాలను పరిశీలించే వాతావరణ నిపుణుడు ఆ సమయంలో భోజన విరామంలో ఉన్నారు. ఆయన స్థానంలో మరొకరు లేరు. విమానాశ్రయంలో గాలి మార్పును పసిగట్టే పరికరాలు ఉన్నాయి గాని, అవి రన్‌వేల చుట్టుపట్ల నేలమీది గాలినే కొలుస్తాయి. ఈ మేఘం వాటి పరిధికి వెలుపల, ఉత్తరాన ఉంది. ప్రమాదం జరిగిన తరువాత కొన్ని నిమిషాలకు గాని ఆ పరికరాలు హెచ్చరిక మోగించలేదు.

డెల్టా విమానానికి ముందు అదే దారిలో వచ్చిన విమానాలు క్షేమంగా దిగాయి. సరిగ్గా ముందున్న చిన్న లియర్‌జెట్ విమానం భారీ వర్షంలో చిక్కుకుని కూడా రన్‌వే చేరుకుంది. అయితే ఆ వర్షం తీవ్రతను గురించి దాని పైలట్లు నియంత్రణాధికారులకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మాట వెనుక వస్తున్నవారి చెవిన పడేది.

పొంగుతున్న వాగు ఒడ్డున నిలబడినవారికి ఈ పరిస్థితి సులభంగా అర్థమవుతుంది. ముందు బండి దాటింది కనుక తమ బండీ దాటుతుందని చాలామంది అనుకుంటారు. కాని వాగు నిమిష నిమిషానికీ పెరుగుతూ ఉంటుంది. ముందు బండి చూసిన నీరు వేరు, వెనుక బండికి ఎదురయ్యే నీరు వేరు. గాలివాన మేఘం విషయంలోనూ అంతే.

చివరి నిమిషాలు

నేలను తాకడానికి సుమారు ఒకటిన్నర నిమిషం ముందు, ఎదుటి మేఘంలో మెరుపు కనిపిస్తోందని సహ పైలట్ కెప్టెన్‌కు చెప్పారు. ఆ సంగతి కాక్‌పిట్ సంభాషణలను నమోదు చేసే పరికరంలో ఉంది. దిగడం మానుకుని తిరిగి పైకి వెళ్లాలన్న నిర్ణయం మాత్రం ఆ క్షణంలో జరగలేదు. విమానం మేఘం కింది వర్షంలోకి ప్రవేశించింది.

ఆ దశలో విమానం వేగం గంటకు సుమారు 276 కిలోమీటర్లు ఉండాలి. కాని హఠాత్తుగా అది సుమారు 320 కిలోమీటర్లకు పెరిగింది. పైలట్లు ఇంజన్ల శక్తిని పెంచలేదు. బలమైన ఎదురుగాలి తగలడం వలన రెక్కలపై గాలి వేగం పెరిగిందంతే. వేగం ఎక్కువైనప్పుడు ఇంజన్ల శక్తి తగ్గించడం పైలట్లకు సహజమైన అలవాటు. ఇక్కడా అదే జరిగింది.

తరువాత ఏమి కానున్నదో కెప్టెన్ పసిగట్టారు. వేగం ఉన్నట్టుండి పడిపోతుందనీ, జాగ్రత్తగా చూసుకోవాలనీ సహ పైలట్‌ను హెచ్చరించారు. ఆయన మాట పూర్తయ్యేలోగానే వేగం పడిపోసాగింది. కొద్ది సెకన్లలో అది గంటకు సుమారు 220 కిలోమీటర్లకు దిగజారింది. ఇంజన్లను పూర్తి శక్తికి పెంచమని కెప్టెన్ ఆదేశించారు. ఆ సరికి విమానం పైనుండి కిందికి తోసే గాలిలో ఉంది. కుండపోత వర్షంలో విమానం ఒక పక్కకు ఒరిగింది. ఒకసారి కిందికి తోసిన గాలి మరుక్షణం పైకి ఎగదోసింది. చివరకు వెనుకనుండి వీచే గాలి మిగిలి, రెక్కలకు అందవలసిన ఆధారాన్ని తీసివేసింది.

విమానం రన్‌వేకు సుమారు 1,930 మీటర్ల ముందుగానే పొలంలో నేలను తాకింది. తాకి మళ్లీ కొద్దిగా పైకి లేచి, 114వ నంబరు రాష్ట్ర రహదారిని దాటుతూ ఒక కారును ఢీకొంది. ఆ కారు నడుపుతున్న వ్యక్తి అక్కడికక్కడే మరణించారు. ఆపై విమానం విమానాశ్రయం ఆవరణలో ఉన్న రెండు పెద్ద నీటి తొట్ల వైపు దూసుకుపోయింది. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర కోట్ల లీటర్ల నీరు పట్టే తొట్లు అవి. మొదటిదాన్ని రాసుకుని, రెండవదాన్ని ఢీకొని విమానం పేలి మంటలలో చిక్కుకుంది.

ఆ తాకిడికి తోకభాగం విడిపోయి వేరుగా పడింది. బతికినవారిలో అధికులు ఆ వెనుక భాగంలో కూర్చున్నవారే. మొత్తం మీద ప్రయాణికులలో 24 మంది, సిబ్బందిలో ముగ్గురు ప్రాణాలతో మిగిలారు. మేఘం కింద ప్రవేశించింది మొదలు నేలను తాకేవరకు గడిచిన కాలం ఒక నిమిషానికి మించలేదు.

గాలి చేసిన పని

సరిహద్దు జిల్లాల రైతు కుటుంబాలకు ఈ గాలి కొత్తది కాదు. చైత్ర వైశాఖాలలో పగలంతా ఎండ కాచి, సాయంత్రం పడమట నల్లని మేఘం లేచినప్పుడు, చినుకు పడకముందే ఒక చల్లని ఈదురుగాలి దుమ్ము రేపుకుంటూ వస్తుంది. అరటి తోటలు నేలకొరగడం, మామిడి కాయలు రాలిపోవడం, ఇళ్లపై రేకులు ఎగిరిపోవడం ఆ గాలి వల్లనే. వాన ఇంకా రాలేదు, గాలి మాత్రం ఎలా వచ్చింది? అది ఆ మేఘం నుండి కిందికి దిగిన గాలి.

గాలివాన మేఘంలో వేడిగాలి పైకి లేస్తూ ఉంటుంది. పైన నీటి బిందువులు, వడగండ్లు పేరుకుని బరువెక్కి కిందికి రాలడం ప్రారంభించినప్పుడు, అవి తమతోపాటు గాలినీ కిందికి లాగుతాయి. మేఘం కింది పొడి గాలిలో కొంత వాన ఆవిరి అయిపోతుంది. ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని హరిస్తుంది. కొత్త కుండలోని నీరు చల్లబడటంలో ఉన్న సూత్రమే ఇది. అలా చల్లబడిన గాలి మరింత బరువెక్కి, మరింత వేగంగా కిందికి పడుతుంది. బిందెడు నీళ్లు బండపై గుమ్మరిస్తే అన్ని వైపులకూ చిమ్మినట్లు, ఆ గాలి నేలను తాకి నాలుగు దిక్కులకూ పరుగెడుతుంది.

ఇలా దిగే గాలిని డౌన్‌బర్స్ట్ అంటారు. నాలుగు కిలోమీటర్లకు మించని వెడల్పులో దిగినప్పుడు దానికి మైక్రోబర్స్ట్ అని పేరు. చిన్నది కనుక ప్రమాదం తక్కువ అనుకోరాదు. తక్కువ దూరంలో గాలి దిశ పూర్తిగా మారిపోవడమే దీని భయంకర స్వభావం. ఇది సాధారణంగా పదిహేను నిమిషాలకు మించి నిలువదు. ముదిరి చల్లారేలోగా ఎవరి కంటా పడకపోవచ్చు.

దిగుతున్న విమానం ఇటువంటి గాలిని అడ్డంగా దాటినప్పుడు మూడు దశలు వరుసగా వస్తాయి. మొదట చిమ్ముతున్న గాలి ఎదురుగా తగులుతుంది. విమానం వేగం పెరిగి, పైకి లేచినట్లు అనిపిస్తుంది. పైలట్ ఇంజన్ల శక్తి తగ్గిస్తాడు. రెండవ దశలో నడుమ ఉన్న గాలి కిందికి తోస్తుంది. మూడవ దశలో అవతలివైపు చిమ్మే గాలి విమానం వెనుకనుండి వీస్తుంది. విమానాన్ని గాలిలో నిలిపేది నేలమీది వేగం కాదు, రెక్కలపై ముందునుండి ప్రవహించే గాలి వేగం. వెనుకగాలి దానిని హరించివేస్తుంది. అప్పటికే తగ్గించిన జెట్ ఇంజన్లు పూర్తి శక్తికి చేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. నేలకు దగ్గరగా ఉన్న విమానానికి ఆ కొన్ని సెకన్లే ఉండవు.

గాలి వేగం లేదా దిశ కొద్ది దూరంలోనే ఇలా మారిపోవడాన్ని విండ్‌షియర్ అంటారు. డెల్టా 191 దాటిన మైక్రోబర్స్ట్ వెడల్పు సుమారు 3.4 కిలోమీటర్లని విచారణలో తేలింది. ఒక అంచున ఎదురుగాలి, రెండవ అంచున వెనుకగాలి, ఈ రెండింటి నడుమ మొత్తం వ్యత్యాసం గంటకు 130 కిలోమీటర్లకు పైగా ఉంది. కిందికి దిగే గాలి వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటింది.

ముందే తెలిసిన ప్రమాదం

మైక్రోబర్స్ట్‌ను లోకానికి పరిచయం చేసినవారు జపాన్‌లో పుట్టి అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు టెట్సుయా థియోడర్ ఫుజిటా (1920–1998). సుడిగాలుల తీవ్రతను కొలిచే ఫుజిటా కొలమానం 1971లో ఆయన రూపొందించినదే. 1945లో అణుబాంబులు పడిన తరువాత హిరోషిమా, నాగసాకి నగరాలను ఆయన పరిశీలించారు. పైనుండి వచ్చిన పేలుడు తాకిడికి వస్తువులు కేంద్రం నుండి బయటికి, నక్షత్రపు కిరణాల వలె పడిపోవడం అక్కడ చూశారు. 1974 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చిన సుడిగాలుల నష్టాన్ని విమానం నుండి పరిశీలించినప్పుడు, కొన్ని అడవులలో చెట్లు సుడి తిరిగినట్లు కాక, అదే విధంగా కేంద్రం నుండి బయటికి పడి ఉండడం ఆయన దృష్టికి వచ్చింది.

1975 జూన్ 24న న్యూయార్క్ నగరంలోని జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66వ నంబరు విమానం గాలివానలో దిగుతూ కూలిపోయింది. 113 మంది మరణించారు. ఆ ప్రమాదాన్ని అధ్యయనం చేసిన ఫుజిటా, మేఘం నుండి దిగిన గాలియే దానికి కారణమని ప్రతిపాదించారు. చాలామంది వాతావరణ శాస్త్రజ్ఞులు మొదట ఆయన వాదాన్ని అంగీకరించలేదు. మేఘం నుండి దిగే గాలి నేల చేరేలోగా బలహీనపడుతుందని వారి నమ్మకం. 1978లో ఇల్లినాయ్ రాష్ట్రంలోను, 1982లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ సమీపంలోను డాప్లర్ రాడార్లతో జరిపిన పరిశోధనలలో మైక్రోబర్స్ట్‌లు ప్రత్యక్షంగా నమోదయ్యాయి. ఫుజిటా చెప్పినది నిజమని తేలింది.

1982 జూలై 9న లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లియన్స్ విమానాశ్రయం నుండి పైకి లేచిన పాన్ అమెరికన్ 759వ నంబరు విమానం సమీపంలోని కెన్నర్ పట్టణంలోని ఇళ్లపై కూలింది. నేలమీద ఉన్న 8 మందితో కలిపి 153 మంది మరణించారు. కారణం మళ్లీ మైక్రోబర్స్టే. 1983 ఆగస్టు 1న వాషింగ్టన్ సమీపంలోని ఆండ్రూస్ వైమానిక స్థావరంలో అధ్యక్షుడు రీగన్ ప్రయాణించిన విమానం దిగిన కొద్ది నిమిషాలకు, అక్కడే గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి నమోదయింది.

1975 ప్రమాదం తరువాత అమెరికా విమానాశ్రయాలలో గాలి కొలిచే స్తంభాలను అమర్చడం మొదలుపెట్టారు. నేలమీద వేర్వేరు చోట్ల గాలి వేగాన్ని పోల్చి, తేడా కనిపిస్తే అవి హెచ్చరిస్తాయి. డాలస్‌లో ఉన్నవీ అవే. కాని స్తంభాల నడుమ, స్తంభాలకు అవతల జరిగేది వాటికి తెలియదు. పైలట్లకు గాలివానలకు దూరంగా ఉండమన్న సాధారణ సలహా ఉంది. ఎంత దూరం ఉండాలి, ఏ గుర్తులు కనిపిస్తే వెనుదిరగాలి, చిక్కుకుంటే ఏ పని ముందు చేయాలి అన్న నిర్దిష్టమైన నియమాలు, శిక్షణ మాత్రం లేవు.

విచారణ

అమెరికాలో రవాణా ప్రమాదాలను పరిశోధించే జాతీయ రవాణా భద్రతా మండలి 1986 ఆగస్టు 15న తన నివేదికను ఆమోదించింది. అందులో కారణాలను మూడు అంశాలుగా పేర్కొంది. మెరుపులు కనిపిస్తున్న మేఘం కిందికి దిగడాన్ని ప్రారంభించి, దానిని కొనసాగించాలన్న పైలట్ల నిర్ణయం మొదటిది. నేలకు దగ్గరలో ఎదురయ్యే విండ్‌షియర్‌ను తప్పించుకోవడానికి, చిక్కుకుంటే బయటపడటానికి నిర్దిష్టమైన మార్గదర్శకాలు, శిక్షణ లేకపోవడం రెండవది. ప్రమాదం ఆ క్షణంలో ఎక్కడ ఉందో ఖచ్చితంగా తెలిపే సమాచారం లేకపోవడం మూడవది.

ఈ మూడు అంశాలనూ పక్కపక్కన చూస్తే నివేదిక సారం బోధపడుతుంది. తప్పు పైలట్లదే అని చెప్పి ఊరుకుంటే, తరువాత వచ్చే పైలట్లు అదే స్థితిలో అదే పని చేస్తారు. వ్యవస్థదే తప్పు అని చెప్పి ఊరుకుంటే, మెరుపును చూసినవారు తీసుకోవలసిన నిర్ణయం మరుగున పడుతుంది. మండలి రెండింటినీ చెప్పింది.

న్యాయస్థానం పరిధి వేరు. నష్టపరిహారం విషయమై ప్రభుత్వానికి, విమాన సంస్థకు నడుమ టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో దీర్ఘకాలం వ్యాజ్యం నడిచింది. ప్రమాదానికి విమాన సిబ్బంది నిర్లక్ష్యమే కారణమనీ, ప్రభుత్వ నియంత్రణాధికారులు బాధ్యులు కారనీ ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ విచారణలో విమానం చివరి ప్రయాణాన్ని కంప్యూటర్ చిత్రాలుగా చూపడం నాడు విశేషంగా చెప్పుకున్నారు.

దుర్ఘటన తరువాత

1964 నుండి 1985 వరకు అమెరికాలో 26 పెద్ద పౌర విమాన ప్రమాదాలకు విండ్‌షియర్ ప్రత్యక్షంగానో పరోక్షంగానో కారణమైందనీ, వాటిలో 620 మంది మరణించారనీ అమెరికా అంతరిక్ష పరిశోధన సంస్థ నాసా పేర్కొంది. డెల్టా 191 తరువాత ఈ లెక్కను అలాగే పెరగనివ్వరాదన్న పట్టుదల కలిగింది.

మొదటి మార్పు శిక్షణలో వచ్చింది. 1987లో అమెరికా విమానయాన పాలక సంస్థ విమాన నిర్మాతలతో, విమాన సంస్థలతో కలిసి పైలట్ల కోసం ప్రత్యేక పాఠ్య సామగ్రిని తయారు చేయించింది. అందులోని మొదటి పాఠం, అనుమానం ఉంటే పోకూడదు అన్నది. చిక్కుకుంటే మాత్రం ఇంజన్లకు పూర్తి శక్తి ఇవ్వాలి. విమానం ముక్కును సుమారు 15 డిగ్రీల కోణానికి ఎత్తి పట్టాలి. గాలి నుండి బయటపడేవరకు చక్రాలను గాని, రెక్కల వెనుక పలకలను గాని కదపరాదు. ఇది పైలట్లు కృత్రిమ కాక్‌పిట్‌లలో పదే పదే అభ్యసించే పని. డాలస్‌లో నమోదైన గాలి వివరాలే ఆ అభ్యాసానికి ఒక నమూనాగా ఉపయోగపడ్డాయి.

రెండవ మార్పు విమానాలలో వచ్చింది. పెద్ద ప్రయాణికుల విమానాలలో విండ్‌షియర్‌ను గుర్తించి హెచ్చరించే పరికరాలు ఉండాలని 1988లో నిబంధన చేశారు. 1993 నాటికి వాటిని అమర్చాలని గడువు పెట్టారు. తొలినాటి పరికరాలు విమానం గాలిలో చిక్కుకున్న తరువాతనే హెచ్చరించేవి. చిక్కుకోకముందే చెప్పగల రాడార్ కోసం నాసా పరిశోధకులు తమ బోయింగ్ 737 విమానంలో 1991, 1992 సంవత్సరాలలో ఒర్లాండో, డెన్వర్ ప్రాంతాల మైక్రోబర్స్ట్‌లలోకి కావాలనే ప్రవేశించి కొలతలు తీశారు. ఆ పరిశోధన ఫలితంగా ముందుచూపు గల రాడార్ 1994లో ప్రయాణికుల విమానాలలోకి వచ్చింది.

మూడవ మార్పు నేలమీద వచ్చింది. వర్షపు బిందువులు రాడార్ వైపు వస్తున్నాయో, దూరంగా పోతున్నాయో డాప్లర్ రాడార్ తెలుపగలదు. ఒక చోట గాలి రెండు వైపులకూ విడిపోతున్నట్లు కనిపిస్తే అది మైక్రోబర్స్ట్ అని వెంటనే గుర్తించవచ్చు. ఈ పనికే ప్రత్యేకించిన డాప్లర్ రాడార్లను 1990ల నుండి అమెరికాలో గాలివానలు అధికంగా వచ్చే 45 విమానాశ్రయ ప్రాంతాల కోసం నెలకొల్పారు.

తీరని ముప్పు

ఈ ఏర్పాట్లు పూర్తి కాకముందే మరో ప్రమాదం జరిగింది. 1994 జూలై 2న నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లట్ విమానాశ్రయంలో యూఎస్ ఎయిర్ 1016వ నంబరు విమానం మైక్రోబర్స్ట్‌లో చిక్కుకుని కూలింది. 57 మందిలో 37 మంది మరణించారు. అక్కడ కొత్త డాప్లర్ రాడార్ నెలకొల్పడం అప్పటికి పూర్తి కాలేదు. విమానంలో హెచ్చరిక పరికరం ఉన్నప్పటికీ, రెక్కల పలకలు కదులుతున్న సమయం కావడం వలన అది సకాలంలో మోగలేదు. అయితే ఆ తరువాత అమెరికాలో మైక్రోబర్స్ట్ కారణంగా ఇంత ప్రాణనష్టం కలిగిన ప్రయాణికుల విమాన ప్రమాదం మరొకటి జరగలేదు.

ఇతర దేశాలలో ముప్పు తొలగిపోలేదు. 2012 ఏప్రిల్ 20న పాకిస్తాన్ రాజధాని ఇస్లామాబాద్‌కు చేరువలో భోజా ఎయిర్ 213వ నంబరు విమానం వేసవి గాలివానలో దిగబోతూ కూలిపోయింది. అందులోని 127 మందీ మరణించారు. మేఘం నుండి దిగిన గాలిలో విమానం చిక్కుకున్నదనీ, పైలట్లు ఆ స్థితిలో చేయవలసిన పనులు చేయలేదనీ విచారణ తేల్చింది. డాలస్ పాఠం పుస్తకాలకెక్కి పాతికేళ్లు గడిచాయి. అది ఆ కాక్‌పిట్‌కు అందలేదు. 2018 జూలై 31న మెక్సికోలోని డురాంగో నగరంలో పైకి లేస్తున్న ఏరోమెక్సికో కనెక్ట్ విమానం ఇటువంటి గాలికే నేలపై పడింది. మంటలు వ్యాపించకముందే అందరూ బయటికి రాగలగడం వలన 103 మందీ బతికారు.

గాలివానను ఆపడం మనిషి చేతిలో లేదు. మెరుపును చూసినవాడు వెనుదిరగడం, గాలి దెబ్బ తిన్నవాడు వెనుక వచ్చేవారికి చెప్పడం, కనిపెట్టినవారి జ్ఞానం పనిచేసేవారికి సకాలంలో చేరడం, ఇవి మాత్రం మనిషి చేతిలో ఉన్నవే. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం ఆవరణలో డెల్టా 191 మృతుల స్మారకం ఉంది. గాలివాన తగ్గేవరకు విమానాలు ఆకాశంలో చుట్లు తిరగడం, మరో ఊరికి మళ్లడం నేడు సాధారణమైన విషయాలు. విమానాశ్రయంలో తమవారి కోసం ఎదురుచూసే కుటుంబాలకు ఆ ఆలస్యం విసుగు కలిగించవచ్చు. ఆ ఆలస్యాన్ని నియమంగా మార్చిన దుర్ఘటనలలో ఇది ముఖ్యమైనది.